ఓగ్లాఖ్ పేరు ఎవరి సొత్తు?

ఐర్లాండ్‌లో ‘ఓగ్లీ న హేరన్’ (ఐర్లాండ్ వాలంటీర్లు) అన్న పేరు ప్రభుత్వ సైన్యానిదా, బ్రిటిష్ పాలనపై పోరాడిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ (ఐఆర్‌ఏ) వారసులమని చెప్పుకునే సాయుధ ముఠాలదా అన్న తగవు వందేళ్లుగా నలుగుతూనే ఉంది. నిజానికి అది ప్రజలు ఎప్పుడో తేల్చేసిన తగవు.

ఆ పేరుకు మూలమైన ‘ఓగ్లాఖ్’ నేడు స్వచ్ఛంద సైనికుడు. పాత ఐరిష్‌లో ‘ఓక్’ అంటే పడుచువాడు. దాని నుంచి పుట్టిన ఈ మాటకు యువ యోధుడనీ, ప్రభువు కొలువులోని బంటు అనీ అర్థాలుండేవి. బంటు ఇష్టాయిష్టాలను ఆ రోజుల్లో అడిగిందెవరు? 1913 నవంబరు 25న డబ్లిన్‌లోని రొటుండాలో ఐరిష్ వాలంటీర్ల దళం ఏర్పడిన తరువాతే, తనంత తానుగా ఆయుధం పట్టినవాడన్న అర్థం జనంలో స్థిరపడింది. మన వి.వి. గిరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన కాలమది. 1916లో బ్రిటిష్ పాలనపై జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తెలిసిన కథే.

అసలు చిక్కు 1922లో వచ్చింది. పూర్తి గణతంత్రం బదులు బ్రిటిష్ సామ్రాజ్యంలో స్వపరిపాలన ఇచ్చిన, బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని సమర్థించినవారూ, వ్యతిరేకించినవారూ ఆ ఒక్క పేరుతోనే తలపడ్డారు. వాలంటీర్ల దళ స్థాపకుడు ఓవెన్ మెక్‌నీల్ ప్రభుత్వంలో మంత్రిగా ఉండగా, ఆయన కుమారుడు బ్రయన్ ఆ సెప్టెంబరులో ఒప్పంద వ్యతిరేకుల పక్షాన స్లైగో కొండల్లో ప్రభుత్వ సైనికుల చేతిలో హతుడయ్యాడు. ఆ సైనికుల టోపీ బిళ్లపై ఉన్నదీ ‘ఓగ్లీ న హేరన్’ అన్న అక్షరాలే. తండ్రీకొడుకుల మధ్యే తెగని వారసత్వాన్ని ఇప్పటి ముఠాలు ఏ ముఖంతో అడుగుతాయి?

ఈ ముఠాల వాదనకూ ఒక ఆధారముంది. 1921లో ఎన్నికైన రెండో డాయిల్ (ఐరిష్ పార్లమెంటు) సభ్యుల్లో ఒప్పందాన్ని ఒప్పుకోక పట్టు వీడని ఏడుగురు 1938 డిసెంబరులో తమ అధికారాన్ని ఐఆర్‌ఏ సైనిక మండలికి అప్పగించారు. గణతంత్రం తరఫున మాట్లాడే హక్కు ఆనాడే తమకు దక్కిందని వారంటారు.

అయితే ఓటరు ఇచ్చిన అధికారం పొలం దస్తావేజులా చేతులు మార్చుకునేది కాదు. 1922 జూన్ ఎన్నికల్లోనే ఒప్పంద వ్యతిరేకులు ఓడిపోయారు. 1998 మే 22న ఉత్తర ఐర్లాండ్ హింసకు ముగింపు పలికేందుకు కుదిరిన గుడ్‌ఫ్రైడే శాంతి ఒప్పందాన్ని ఉత్తర ఐర్లాండ్‌లో 71 శాతం, దక్షిణాన 94 శాతం ఓటర్లు ఆమోదించారు. మూడు నెలలైనా గడవకముందే ఒమా పట్టణంలో బాంబు పేల్చి 29 మందిని బలిగొన్న చీలిక ముఠా రియల్ ఐఆర్‌ఏ కూడా తనను తాను ‘ఓగ్లీ న హేరన్’ అనే పిలుచుకుంది. బతికున్న ఓటరుకు జవాబు చెప్పలేని సాయుధ ముఠా ఏ దేశంలోనైనా అమరుల పేరు వెనుకే దాక్కుంటుంది. డాయిల్‌కు జవాబుదారీగా ఉన్న సైన్యానికి చట్టం ఇచ్చిన పేరును, ముఠాల ప్రకటనల కింద సంతకంగా యథాతథంగా అచ్చువేసే అలవాటును పత్రికలు ఇకనైనా మానుకోవాలి.