ఫరక్కాతో ఢాకాను బెదిరించలేం

గంగా జలాల పంపకంపై భారత్, బంగ్లాదేశ్ 1996 డిసెంబర్ 12న చేసుకున్న ఒప్పందానికి ముప్పై ఏళ్ల గడువు 2026 డిసెంబర్‌తో తీరుతుంది. షేక్ హసీనా 2024 ఆగస్టు 5న ఢాకా వదిలి మన దేశానికి వచ్చినప్పటి నుంచి ఏం జరిగిందో పాఠకులకు తెలిసిందే. బంగ్లాదేశ్ సరుకు మన దేశం మీదుగా మూడో దేశానికి వెళ్లే ట్రాన్స్‌షిప్‌మెంట్ సదుపాయం రద్దయింది. రెడీమేడ్ దుస్తుల దిగుమతిని భూమార్గాల్లో ఆపేశాం. కరాచీ నుంచి చిట్టగాంగ్‌కు నేరుగా నౌకలు మొదలయ్యాయి. ఈ వేడిలో ఒక వాదన వినిపిస్తోంది: పాకిస్తాన్‌తో సింధు ఒప్పందాన్ని 2025 ఏప్రిల్‌లో పక్కన పెట్టినట్టే, పశ్చిమ బెంగాల్‌లో గంగ మీదున్న ఫరక్కాతోనూ ఢాకా మెడలు వంచాలని. ఆ దారి పడితే నష్టపోయేది మనమే. గడువు తీరకముందే, కొత్త లెక్కలతో ఈ ఒప్పందాన్ని కొనసాగించాలి.

ఫరక్కా నాగార్జునసాగర్ లాంటి జలాశయం కాదని ముందు గుర్తుంచుకోవాలి. అది బ్యారేజీ. నూటికి పైగా గేట్లున్నా నీటిని నెలల తరబడి నిలబెట్టే చోటు అక్కడ లేదు. వచ్చిన నీటికి రెండే దారులు: 38 కిలోమీటర్ల ఫీడర్ కాలువ గుండా కోల్‌కతా వైపు పారే భాగీరథి-హుగ్లీలోకి, లేదా గేట్ల కింద నుంచి పద్మలోకి, అంటే బంగ్లాదేశ్‌లోని గంగలోకి. కాలువ సామర్థ్యం 40,000 క్యూసెక్కులు. ఢిల్లీకి ఎంత కోపం వచ్చినా మళ్లించగలిగేది రోజుకు సుమారు మూడున్నర టీఎంసీలే. వానాకాలంలో లక్షల క్యూసెక్కులు పారే నదికి అదొక లెక్క కాదు. కాబట్టి ఈ బెదిరింపు పనిచేసేది ఎండాకాలంలో కొన్ని వారాలే. ఆ వారాల్లో దెబ్బ తగిలేది ఢాకా మంత్రివర్గానికి కాదు, రాజ్‌షాహీ, కుష్టియా రైతులకు. పద్మ నుంచి చీలే గొరాయ్ నది ఎండితే ఖుల్నా వైపు ఉప్పునీరు లోపలికి ఎక్కి వస్తుంది. సాగు పోయిన కుటుంబాలు పొట్ట చేతబట్టుకుని 4,096 కిలోమీటర్ల సరిహద్దు వైపు చూస్తాయి. చొరబాట్లే మన ప్రధాన సమస్య అంటూ, చొరబాట్లకు కారణాన్ని మనమే తయారు చేయడం ఏ రకం భద్రతా విధానం?

అసలు లోపం ఒప్పందంలోని సూత్రంలో ఉంది. పంపకం జనవరి 1 నుంచి మే 31 వరకు, పది రోజులకొక విడతగా సాగుతుంది. ఫరక్కాకు వచ్చే ప్రవాహం 70,000 క్యూసెక్కులు లేదా అంతకు తక్కువైతే చెరి సగం. 70,000 నుంచి 75,000 మధ్య ఉంటే బంగ్లాదేశ్‌కు 35,000, మిగతాది మనకు. 75,000 దాటితే మనకు 40,000, మిగతాది వాళ్లకు. మార్చి 11 నుంచి మే 10 వరకు మాత్రం ఆరు విడతల్లో మూడేసి చొప్పున, ఒకటి విడిచి ఒకటిగా, ఒక్కొక్క దేశానికి 35,000 క్యూసెక్కుల హామీ.

కాగితం మీద న్యాయంగానే ఉంది. చిక్కల్లా, అనుబంధంలో లెక్క కట్టింది 1949-88 మధ్య నలభై ఏళ్ల సగటు ప్రవాహాలతో. దాని ప్రకారం ఏప్రిల్ చివరి విడతలో ఫరక్కాకు 60,992 క్యూసెక్కులు రావాలి. బంగ్లాదేశ్‌కు 35,000 పోగా మనకు 25,992 మిగలాలి. వచ్చింది 52,000 అయితే? హామీ మారదు, మనకు దక్కేది 17,000. పది రోజులు తిరగగానే పరిస్థితి తిరగబడుతుంది, అప్పుడు కోత వాళ్లకు. 2016 మార్చిలో ఫీడర్ కాలువలో నీళ్లు తగ్గి 2,100 మెగావాట్ల ఫరక్కా ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రంలో యూనిట్లు ఆపేయాల్సి వచ్చింది. ప్రవాహం 50,000కు దిగువన పడితే ఏం చేయాలన్నదానికి ఒప్పందం చెప్పేది ‘తక్షణ సంప్రదింపులు’ అని మాత్రమే. 1977 ఒప్పందంలో బంగ్లాదేశ్ వాటాలో 80 శాతానికి కనీస హామీ ఉండేది. 1996లో దాన్ని వదిలేశారు.

అందుకే ఒకటి విడిచి ఒకటిగా ఇచ్చే హామీని తీసేసి, ప్రతి విడతలోనూ వచ్చిన నీటిలో శాతం ప్రకారం వాటా పెట్టాలి. సగటును ఇటీవలి దశాబ్దాల ప్రవాహాలతో మళ్లీ కట్టాలి. గొరాయ్‌కీ హుగ్లీకీ చెరొక కనీస ప్రవాహం రాసుకోవాలి. పైన ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో కాలువలూ బోర్లూ తోడేస్తుంటే ఫరక్కాకు చేరేది తగ్గుతుంది. ఆ రెండు రాష్ట్రాలతో, పశ్చిమ బెంగాల్‌తో ముందు ఇంట్లో మాట్లాడుకోకుండా ఢాకాకు ఏ అంకె ఇచ్చినా నిలబడదు. 2011లో తీస్తా నది ఒప్పందం చివరి నిమిషంలో ఆగింది పశ్చిమ బెంగాల్ అభ్యంతరంతోనే.

ముప్పై ఏళ్లలో మన అవసరాలు పెరిగాయి, కోల్‌కతా ఓడరేవుకు నీళ్లు చాలడం లేదు, కాబట్టి తక్కువ కాలానికే ఒప్పందం చాలు అనేవాళ్లున్నారు. అవసరాలు పెరిగిన మాట నిజం. అందుకు పదేళ్లకోసారి లెక్క సవరించే నిబంధన పెడితే సరిపోతుంది. ఒప్పందమే లేని స్థితి ఎలా ఉంటుందో మనం చూశాం. 1975లో 41 రోజుల ప్రయోగమని మొదలుపెట్టిన మళ్లింపు ఆ తర్వాతా సాగింది. 1976లో బంగ్లాదేశ్ నేత మౌలానా భాషానీ ఫరక్కా వైపు పాదయాత్ర తీశారు, ఆ ఏడాదే వివాదం ఐక్యరాజ్యసమితికి ఎక్కింది. 2014లో మాత్రం సముద్ర సరిహద్దు తీర్పులో వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయినా ఒప్పుకున్నాం. మరుసటి ఏడాది 162 ఎన్‌క్లేవ్‌లు, అంటే ఒక దేశం లోపల చిక్కుకున్న మరో దేశపు భూభాగాలు, మార్చుకున్నాం. ఆ రెండు తగాదాలూ అంతటితో ముగిశాయి.

తీస్తాను తేల్చకుండా వదిలేసినందుకు ఫలితం కళ్లముందుంది. ఆ నదిని బాగుచేసే ప్రాజెక్టుకు చైనా ముందుకొచ్చింది. అది కట్టేది రంగ్‌పూర్ ప్రాంతంలో, ఈశాన్య రాష్ట్రాలను కలిపే, ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూఇటూ వెడల్పుండే మన సిలిగురి కారిడార్‌కు దగ్గర్లో. గంగ విషయంలోనూ బెట్టు చేస్తే చైనా ఇంజనీర్లకు మరో నది అప్పగించినట్టే.

పైగా ఎగువ దేశంగా మనం ఇక్కడ పెట్టే ప్రతి ఆనవాయితీ బ్రహ్మపుత్ర మీద మనకే తిరిగొస్తుంది. టిబెట్‌లో బ్రహ్మపుత్రను పిలిచే పేరు యార్లుంగ్ త్సాంగ్‌పో; దాని మీద చైనా 2025 జులైలో మహా జలవిద్యుత్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఆ నది వరద సమాచారం చైనా మనకు ఇచ్చే అవగాహన ఒప్పందం గడువు 2023లోనే తీరింది. లెక్కలు ఇవ్వమని బీజింగ్‌ను అడగాల్సిన మనం, 2018 విధానం ప్రకారం గంగ, బ్రహ్మపుత్ర, సింధు పరీవాహకాల ప్రవాహ లెక్కలను రహస్యాల జాబితాలో ఉంచాం. ఉత్తరాది నదుల మీద మనకున్న అతిపెద్ద జబ్బు ఈ గోప్యతే. అంకె దాచినచోట అనుమానం పెరుగుతుందని పోతిరెడ్డిపాడు దగ్గర టెలిమెట్రీ కోసం కొట్లాడుకుంటున్న తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఫరక్కా గేట్ల దిగువన, ఫీడర్ కాలువలో, అవతల బంగ్లాదేశ్‌లోని హార్డింజ్ వంతెన దగ్గర ఉభయ దేశాల బృందాలు ఇప్పటికే రోజూ కొలుస్తున్నాయి. ఆ అంకెల్ని ఏ రోజుకారోజు బయటపెట్టడానికి కొత్త ఖర్చేమీ ఉండదు.

పూర్తి ఒప్పందం ఆలస్యమైతే పాత సూత్రాన్నే ఒక ఎండాకాలానికి కొనసాగిస్తామని ఉభయ ప్రభుత్వాలు లేఖలు మార్చుకోవచ్చు. సమీక్షలో వాటా తేలకపోతే సూత్రం ప్రకారం బంగ్లాదేశ్‌కు రావాల్సిన వాటాలో కనీసం 90 శాతం వదలాలన్న నిబంధన కూడా ఒప్పందం అమల్లో ఉన్నంత వరకే వర్తిస్తుంది. 2027 జనవరి 1న మొదటి విడత మొదలవుతుంది. లేఖలు డిసెంబర్‌లోనే చేతులు మారాలి.