జిమ్మెరిట్ పూత గారికి ఒక పేల దువ్వెన దొంగ రాయు లేఖ

మహారాజశ్రీ జిమ్మెరిట్ పూత గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ, డైనింగ్ టేబుల్ మీద సగం పూతతో కూర్చున్న నా జర్మన్ టైగర్ ట్యాంకు బొమ్మా క్షేమం. మీ క్షేమం అడగడం మర్యాదే గానీ, మీరు పోయి ఎనభై ఏళ్ళు దాటింది. ఇకపై ట్యాంకులకు ఈ పూత పుయ్యొద్దని 1944 సెప్టెంబర్ 9న జర్మన్ ఫ్యాక్టరీలకు ఆర్డరు వెళ్ళింది. అక్కడితో ఊరుకుని ఉండాల్సింది. మీరు ఊరుకోలేదు. ఫిరంగి గొట్టం కాకుండా 18 సెంటీమీటర్లు ఉండే ప్లాస్టిక్ బొమ్మ మీదికెక్కి నా ఆదివారాలు తింటున్నారు.

ఇది బహిరంగ లేఖ కాబట్టి మీ జాతకం కాస్త నలుగురికీ చెప్పాలి, ఏమీ అనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఒక మందుపాతర తయారుచేశారు. దానికి మూడు అయస్కాంతాలు. సైనికుడు శత్రువు ట్యాంకు దాకా పరిగెత్తి, దాన్ని అతికించి, బతికుంటే వెనక్కి పరిగెత్తాలి. చేసుకున్నాక వాళ్ళకే దడ పట్టుకుంది: అవతలివాళ్ళూ ఇదే చేసి మనకి అతికిస్తే? దొంగకే తాళం మీద అనుమానం ఎక్కువ. ఇనుముకీ అయస్కాంతానికీ మధ్య కాస్త ఎడం ఉంటే పట్టు తప్పుతుందని, తమ ట్యాంకులకి గీతలు గీతలుగా ఒక పేస్టు పూయించారు. అలా 1943లో మీరు పుట్టారు. బెర్లిన్‌లో మిమ్మల్ని తయారుచేసిన జిమ్మర్ కంపెనీ పేరే మీకు ఇంటిపేరైంది.

తీరా చూస్తే అవతలివాళ్ళు అలాంటి మందుపాతరలు పెద్దగా వాడనే లేదు. ఏడాది తిరిగేసరికి ఇంకో పుకారు, గుండు తగిలితే పూతకి నిప్పంటుకుంటోందని. పరీక్ష చేసి చూశారు, అంటుకోలేదు. అయినా పూత ఆపమన్న ఆర్డరు మాత్రం వెనక్కి తీసుకోలేదు. మా ఆఫీసులో సర్క్యులర్లూ ఇంతే లెండి.

మీ ఒంట్లో ఏముందో కూడా చదివాను. బేరియం సల్ఫేట్ 40 శాతం, పాలీవినైల్ ఎసిటేట్ 25, పసుపు మట్టి రంగు 15, జింక్ సల్ఫైడ్ 10, రంపపు పొట్టు 10. పాలీవినైల్ ఎసిటేట్ అంటే మన వడ్రంగులు వాడే తెల్ల జిగురు. దానికి పొట్టు కలిపితే మీలో మూడో వంతు మా వీధి చివర తలుపులు చేసే షెడ్డులోనే దొరుకుతుంది. ఇంత మామూలు మనిషై ఉండి నా దగ్గర ఇంత బిగుసుకోవడం ఎందుకండీ?

తప్పు నాదే. ఇంగ్లండులో బోవింగ్టన్ మ్యూజియంలో టైగర్ 131 ఉంది, ప్రపంచంలోకెల్లా పేరున్న టైగర్. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ వాళ్ళకి చిక్కింది, అంటే మీరు పుట్టకముందే. దాని ఒంటి మీద మీ చుక్క కూడా లేదు. దాన్ని చేసుకుని ఉంటే నున్నటి ప్లాస్టిక్ మీద రంగు కొట్టేసి హాయిగా పడుకునేవాణ్ణి. పోయిపోయి 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ యుద్ధంలో తిరిగిన టైగర్ కావాలన్నాను. (ఆ ట్యాంకు ఎవరి కోసం తిరిగిందో నాకు తెలుసు. నా మోజు పూత మీదే, పూయించినవాళ్ళ మీద కాదు.)

అసలు మీ మందం ఎంతని? కొన్ని మిల్లీమీటర్లు. నా బొమ్మ అసలు ట్యాంకులో 35వ వంతు, కాబట్టి దాన్ని 35తో భాగిస్తే బొమ్మ మీద మిల్లీమీటరులో పదో వంతు వస్తుంది. 35 ఎందుకని అడక్కండి. మొదట్లో జపాన్ కంపెనీవాళ్ళు మోటారు పెట్టిన ట్యాంకు బొమ్మలో బ్యాటరీలు పట్టేలా సైజు చూసుకుంటే 1/35 వచ్చిందట. బ్యాటరీల కోసం పుట్టిన లెక్కతో, రాని మందుపాతర కోసం పుట్టిన పూతని కొలుస్తున్నాను. మా ఆవిడ దీన్ని హాబీ అనదు, వేరే మాట అంటుంది.

ఇక పని సంగతి. కుళాయి లీకులకి వాడే రెండు ముద్దల ఎపాక్సీ పుట్టీ తీసుకుని, రంగు ఒక్కటయ్యేదాకా చపాతీ పిండిలా పిసకాలి. టాల్కమ్ పౌడర్ చల్లి పల్చటి అప్పడంలా ఒత్తాలి. ప్లాస్టిక్‌ని ముందే గరుకు కాగితంతో రుద్ది ఉంచి, దాని మీద పరచాలి. తర్వాత గీతలు. ఇక్కడే మా అమ్మాయి పేల దువ్వెన రంగప్రవేశం. పళ్ళు దగ్గర దగ్గరగా, సన్నగా, దేవుడు నా కోసమే చేయించినట్టు ఉన్నాయి. నీళ్ళలో ముంచి, లాగకుండా ఒత్తుకుంటూ పోవాలి. లాగితే అప్పడం మొత్తం దువ్వెనతో పాటు లేచి వస్తుంది. మొదటి రోజు నాలుగుసార్లు లేచి వచ్చింది. అరగంట దాటితే పుట్టీ బిగుస్తుంది, అప్పుడు గీత పడదు, పెచ్చు ఊడుతుంది. మా అమ్మ వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏరా, ఏ పంటకి ఈ దుక్కి?" అంది.

నేను భూతద్దం పెట్టి, స్కేలు ఆనించి, ప్రతి సాలూ పక్క సాలుకి సమానంగా తీశాను. మూడు ఆదివారాలు. చివరికి చూస్తే ట్యాంకులా లేదు, రేకు షెడ్డులా ఉంది.

ఆ వారమే మా బాత్రూమ్ గోడ ప్లాస్టరింగ్‌కి తాపీ మేస్త్రి గారు వచ్చారు. టీ గ్లాసు పట్టుకుని టేబుల్ దగ్గర ఆగి, చాలాసేపు చూసి, "మొదటి కోటింగ్ మీద గాట్లు పెట్టారా సార్?" అన్నారు.

నా నోట మాట రాలేదు. అప్పట్లో మిమ్మల్ని పూసిన పద్ధతి అచ్చంగా అదే మరి! మొదటి పొర పూసి, పట్టు కోసం తాపీ అంచుతో గళ్ళు గీసి, ఆరనిచ్చి, దాని మీద రెండో పొర పూసి దువ్వెన ఆడించి, బ్లోల్యాంప్‌తో కాల్చి గట్టిపరిచేవారు. నేను పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నది ఆయన టీ తాగుతూ అడిగేశారు.

"చేత్తో చేసినట్టు లేదు సార్" అన్నారు మళ్ళీ. "పొద్దున గీసిన గీత తిన్నగా ఉంటది. సాయంత్రానికి చెయ్యి బరువెక్కుద్ది. ఆ బరువు కనపడాలి."

కాసెల్ పట్నంలో హెన్షెల్ ఫ్యాక్టరీ, నా టైగర్‌కి అసలు ట్యాంకు తయారైన చోటు. బలవంతంగా పట్టుకొచ్చిన విదేశీ కూలీలు కూడా అక్కడ పనిచేశారు. ఏ చెయ్యి ఏ సాయంత్రానికి ఎంత బరువెక్కిందో నా స్కేలుకి ఏం తెలుసు? వాళ్ళు అజాగ్రత్తగా గీసినదాన్ని నేను అతిజాగ్రత్తగా అనుకరించబోయాను. గీత ఒకచోట కిందికి జారాలి, ఒకచోట పైగీత మీదికి ఎక్కాలి, అందని మూల వదిలెయ్యాలి. బొమ్మ విడిభాగాల కిట్‌తో పాటు అచ్చుపోసి వచ్చే పూతలో లేనిది ఇదే. అందులో అలసట ఉండదు.

కుడి పక్క ప్లేటు మీద అప్పుడే పుట్టీ పరిచి ఉంది. మేస్త్రి గారు అడక్కుండానే దువ్వెన అందుకుని, గ్లాసు ఎడం చేతిలోనే ఉంచుకుని, రెండు నిమిషాల్లో ఈ చివర నుంచి ఆ చివరికి ఒత్తేశారు. చూడకుండా చేసినట్టే ఉంది. ఇప్పుడు నా ట్యాంకులో నిజం ట్యాంకులా కనపడేది ఆ పక్క ఒక్కటే. ఫొటోలన్నీ అటు నుంచే తీస్తున్నాను.

ఎడమ పక్క స్కేలు గీతలు మాత్రం అలాగే మిగిలాయి. వాటిని పెచ్చులుగా ఊడగొట్టి, కింద ఎర్ర ప్రైమర్ తేల్చి, యుద్ధంలో దెబ్బతిన్నట్టు చూపిద్దామనుకుంటున్నాను. ఎవరైనా అడిగితే గుండు తగిలిందని చెప్తాను. నేర్చుకోవడానికి పట్టిన టైమని చెప్పను.

ఇట్లు,
మీ సేవలో నడుం పట్టేసిన
ఒక ప్లాస్టిక్ ట్యాంకుల మనిషి

తా.క.: బడులు తెరిచారు. అమ్మాయి తల గోక్కుంటోంది. మా ఆవిడ పొద్దున్నుంచి పేల దువ్వెన వెతుకుతోంది. దాని పళ్ళ మధ్య మీరు రాయిలా బిగుసుకుని ఉన్నారు. నిన్న రాత్రి సూదితో పొడిచి చూశాను, రాలేదు. అయస్కాంతాన్ని రానివ్వని వారు, కనీసం పేలని రానిస్తారేమో చెప్పగలరు.