పీఏ లైసెన్స్ 'ఫీజు కడితే రెన్యూ' అయిపోతుందా?

పోయిన నెల ఒకే ఫార్వర్డ్ నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. మొదట పంపింది మా పిన్ని. వాళ్ల అమ్మాయి టెక్సస్‌లో పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) ప్రోగ్రాములకు అప్లై చేస్తోంది కాబట్టి పిన్ని దాన్ని శ్రద్ధగా చదివి, కింద నమస్కారాలు కూడా పెట్టింది. మెసేజ్ సారాంశం ఇది: "అమెరికాలో పీఏ కోర్సు ఒక్కసారి పాసైతే చాలు. ఆ తర్వాత రెండేళ్లకోసారి ఫీజు కట్టి, వంద గంటల వీడియోలు ఆన్ చేసి వదిలేస్తే లైసెన్స్ రెన్యూ అయిపోతుంది. ఎవరూ చూడరు. ఆ ఒక్క సర్టిఫికెట్‌తో 50 రాష్ట్రాల్లోనూ పనిచేయొచ్చు. మళ్లీ రాసే పరీక్ష కూడా ఎత్తేశారు. ఇండియాలో పీఏ డిగ్రీ చేసినవాళ్లు ఈ వంద గంటలు పూర్తి చేసి ఇక్కడ చేరిపోవచ్చు."

నేను కాలిఫోర్నియాలో ఒక అర్జెంట్ కేర్‌లో పీఏగా చేస్తున్నాను, ఇది పదకొండో ఏడు. పీఏ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: రోగిని చూసి, టెస్టులు రాయించి, రోగమేంటో తేల్చి, మందులు రాసే ఉద్యోగం. డాక్టర్లతో కలిసి చేసే పని. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో, నేవీలో వైద్య సహాయకులుగా చేసి వచ్చిన నలుగురితో మొదలైంది. ఇక ఫార్వర్డ్ సంగతి చూద్దాం.

"ఫీజు కట్టి, వంద గంటలు చూస్తే లైసెన్స్ రెన్యూ."

ఇక్కడే మొత్తం కలగాపులగం చేశారు. మా దగ్గర ఉండేవి మూడు వేరువేరు కాగితాలు. ఒకటి, పీఏలకు పరీక్షలు పెట్టే ఎన్‌సీసీపీఏ అనే సంస్థ ఇచ్చే జాతీయ సర్టిఫికేషన్. పేరు చివర 'పీఏ-సి' అని రాసుకునే హక్కు దానివల్లే వస్తుంది. రెండోది రాష్ట్ర బోర్డు ఇచ్చే లైసెన్స్. రోగిని ముట్టుకోవాలంటే కావాల్సింది ఇదే. మూడోది, మత్తు కలిగించే మందుల్లాంటివి రాయడానికి డీఈఏ (అలాంటి మందుల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్.

వంద గంటలు అనే లెక్క మొదటిదానిది. రెండేళ్లలో వంద సీఎంఈ (ఉద్యోగంలో ఉంటూనే కొనసాగించే వైద్య చదువు) క్రెడిట్లు, అందులో కనీసం 50 కేటగిరీ 1, అంటే గుర్తింపు ఉన్న కోర్సులవి. గడువు డిసెంబర్ 31. రాష్ట్ర లైసెన్స్ దారి వేరు. కాలిఫోర్నియాలో రెండేళ్లకు 50 గంటలైనా చూపించాలి, లేదా ఎన్‌సీసీపీఏ సర్టిఫికేషన్ అప్పటికి చెల్లుబాటులో ఉండాలి. గడువేమో మన పుట్టిన నెల ఆఖరి రోజు. ఫ్లోరిడా వంద గంటలు అడుగుతుంది, అందులో వైద్యంలో జరిగే పొరపాట్లను నివారించడం మీద రెండు గంటలు తప్పనిసరి. టెక్సస్‌లో మనుషుల అక్రమ రవాణాను గుర్తుపట్టడం మీద కోర్సు చేయాలి. న్యూయార్క్‌లో నాలుగేళ్లకోసారి ఇన్ఫెక్షన్ కంట్రోల్ శిక్షణ అడుగుతారు, డీఈఏ నంబర్ ఉన్నవాళ్లు మూడేళ్లకోసారి నొప్పి మందుల మీద మూడు గంటలు అదనంగా చేయాలి. డీఈఏ రిజిస్ట్రేషన్ మూడేళ్లకోసారి. 2023 జూన్ 27 నుంచి దానికి మందుల వ్యసనం మీద ఎనిమిది గంటల శిక్షణ కూడా జతైంది. అదృష్టం, ఇది జీవితంలో ఒక్కసారే.

మూడు కాగితాలకూ మూడు తేదీలు. మా ఫ్రిజ్ మీద పిల్లల స్కూల్ క్యాలెండర్ పక్కన ఇవి రాసి అంటించాను. ఎన్‌సీసీపీఏ వంద గంటలు నింపేసి 'అయిపోయింది' అనుకుని, రాష్ట్ర లైసెన్స్ గడువు మర్చిపోయి, రెండు వారాలు డ్యూటీకి దూరమైన కొలీగ్ నాకు తెలుసు.

"వీడియోలు ఆన్ చేసి వదిలేస్తే చాలు."

సగం నిజం ఒప్పుకోవాలి. అలా చేసేవాళ్లు ఉన్నారు. ఒక డిసెంబర్‌లో నేనూ లెక్చర్ పెట్టుకుని పప్పులో తాలింపు వేశాను. కేటగిరీ 2 అంటే చాలావరకు మన నిజాయితీ మీదే నడుస్తుంది. జర్నల్ చదివాను, ఇన్ని గంటలు అని మనమే వేసుకోవాలి. కానీ కేటగిరీ 1 ఇచ్చే కోర్సుల్లో చాలావాటికి చివర ప్రశ్నలు ఉంటాయి, అవి పాసైతేనే సర్టిఫికెట్ దిగుతుంది. తనను తాను పరీక్షించుకునే రకం కోర్సులకైతే ఎన్‌సీసీపీఏ గంటకు గంటన్నర లెక్కేస్తుంది.

అసలు ఆ గంటలు దండగేనా అనేది వేరే సంగతి. 2022లో గుండె జబ్బుల నివారణ మీద ఒక గంట లెక్చర్ విన్నాను. ఒక్క క్రెడిట్. ఆ ఏడు ఏప్రిల్‌లోనే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ తన సలహా మార్చింది. గుండె జబ్బు లేని 60 దాటినవాళ్లకు, ముందు జాగ్రత్త పేరుతో ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టొద్దంది. ఇప్పటికే వాడుతున్నవాళ్లు 75 ఏళ్ల దగ్గర ఆపే విషయం ఆలోచించాలంది. వయసుతో పాటు కడుపులో, మెదడులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, వచ్చే లాభం మాత్రం తగ్గుతుంది.

ఆ దసరాకి మా మామగారు విజయవాడ నుంచి వచ్చారు. వయసు 76. సూట్‌కేసులోంచి స్టీలు డబ్బా తీసి, బీపీ మాత్ర పక్కన ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరినే) స్ట్రిప్ పెట్టారు. "గుండెకి మంచిదటమ్మా, పదిహేనేళ్లుగా వేసుకుంటున్నా" అన్నారు. స్టెంట్ లేదు, స్ట్రోక్ లేదు, ఎప్పుడూ గుండెనొప్పి రాలేదు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని పళ్ల డాక్టర్ని రెండుసార్లు కలిశారు. నేను ఆపమని చెప్పలేదు. ఆయన డాక్టరుకే ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆ డాక్టర్ రిపోర్టులన్నీ తెప్పించుకుని చూసి, ఆపేయమన్నారు. (ఇది చదివి ఎవరూ సొంతంగా ఆస్పిరిన్ ఆపకండి. స్టెంట్ ఉన్నవాళ్ల లెక్క పూర్తిగా వేరు.) నేను కాలేజీలో చదువుకున్నప్పుడు ఇదే మందును మేం సునాయాసంగా రాసేవాళ్లం. ఆ ఒక్క గంట వినకపోయి ఉంటే మామగారి డబ్బా చూసి "బాగా చేస్తున్నారు మామయ్యా" అనేదాన్ని.

"ఎవరూ చూడరు."

చూస్తారు. అందరివీ కాదు, కొందరివి ఏరి తీసి ఆడిట్ చేస్తారు. నాకు ఒక ఫిబ్రవరిలో ఆ మెయిల్ వచ్చింది. అంతకుముందు ఏడాది ఒక కాన్ఫరెన్స్‌కి వెళ్లాను. బ్రోషర్‌లో 18 క్రెడిట్లు అని ఉంటే అలాగే వేసేశాను. ఆఖరి రోజు మధ్యాహ్నం సెషన్లు ఎగ్గొట్టి ఫ్లైట్ ఎక్కిన సంగతి మర్చిపోయాను. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోలేదు. నిర్వాహకుల పాత పేజీ తెరుచుకోదు, ఫోన్ ఎత్తరు. మూడు వారాల టెన్షన్ తర్వాత వాళ్లు పంపిన కాగితంలో 14.5 అని ఉంది. నా దగ్గర అదనంగా కొన్ని గంటలు ఉన్నాయి కాబట్టి బయటపడ్డాను. అప్పటినుంచి కోర్సు పూర్తైన నిమిషంలోనే పీడీఎఫ్ ఫోల్డర్‌లోకి వెళ్లాల్సిందే.

"ఒక్క సర్టిఫికెట్‌తో 50 రాష్ట్రాలు."

కుదరదు. రాష్ట్రం మారితే ఆ రాష్ట్రం లైసెన్స్ తీసుకోవాలి. పీఏల కోసం రాష్ట్రాల మధ్య ఒక ఒప్పందం ఉంది, 2024లో ఏడో రాష్ట్రం చేరడంతో అది ఊపందుకుంది. దానిలోనూ ఒప్పందంలో ఉన్న ఒక రాష్ట్రం లైసెన్స్, చెల్లుబాటులో ఉన్న ఎన్‌సీసీపీఏ సర్టిఫికేషన్ రెండూ ఉండాలి.

"మళ్లీ రాసే పరీక్ష ఎత్తేశారు."

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో ఊహించగలను. ఆరేళ్లకోసారి ఉండే పరీక్షను 2014 నుంచి పదేళ్ల చక్రంలోకి మార్చారు. 2023 నుంచి ఇంకో దారి కూడా తెరిచారు. ఒకేరోజు కూర్చుని 240 ప్రశ్నలు రాయడానికి బదులు, మూడు నెలలకోసారి 25 ప్రశ్నలు ఇంట్లోనే చేయొచ్చు. ఒక్కో ప్రశ్నకు ఐదు నిమిషాలు, పుస్తకం చూసుకోవచ్చు. మూడేళ్లలో పన్నెండు విడతలు, వాటిలో మెరుగైన ఎనిమిది లెక్కలోకి తీసుకుంటారు. ఎవరో "ఇప్పుడు పరీక్ష హాల్‌కి వెళ్లక్కర్లేదు" అని ఉంటారు, అది గ్రూపులు దాటేసరికి "పరీక్షే లేదు" అయి కూర్చుంది. పుస్తకం చూడొచ్చు కదా, తేలికేగా అంటారు. ఐదు నిమిషాల్లో, తెలియని విషయం ఏ పుస్తకంలో వెతుకుతారో చెప్పండి.

"ఇండియా పీఏ డిగ్రీ ఉంటే వంద గంటలతో చేరిపోవచ్చు."

మిగతావి తెలియక చెప్పిన మాటలు. ఇది మాత్రం కుటుంబాల డబ్బు తినే మాట. మన దగ్గర ఫిజీషియన్ అసిస్టెంట్ చదువు 1992లో చెన్నైలో మద్రాస్ మెడికల్ మిషన్‌లో మొదలైంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఫిజీషియన్ అసోసియేట్లకు చోటు దొరికింది. అది గౌరవమైన చదువే. కానీ అమెరికాలో మొదటిసారి సర్టిఫికేషన్ కోసం రాసే 'పాన్స్' పరీక్షకు కూర్చోవాలంటే, ఏఆర్‌సీ-పీఏ (పీఏ కోర్సులకు గుర్తింపునిచ్చే అమెరికా సంస్థ) గుర్తింపు ఉన్న అమెరికా ప్రోగ్రామ్‌లో చదివి ఉండాలి. సీఎంఈ గంటలు లోపల ఉన్నవాళ్లు కొనసాగడానికే. ఎన్ని వందల గంటలు చేసినా అవి బయటివాళ్లకు తలుపు తీయవు.

మన రాష్ట్రాల్లో డాక్టర్లు ఐదేళ్లకు 30 క్రెడిట్ అవర్లు చూపించి రిజిస్ట్రేషన్ రెన్యూ చేసుకుంటారు. ఆ పద్ధతి తెలిసినవాళ్లు గంటలు అనగానే ఇదీ అలాంటిదే అనుకుని ఉండొచ్చు. కానీ అక్కడా ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి, తర్వాతే రెన్యువల్.

పిన్నికి ఇదంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. రెండో రోజు ఫోన్ చేసి అడిగింది: హైదరాబాద్‌లో వాళ్ల ఎదురింటి అబ్బాయి పీఏ డిగ్రీ చేశాడట, ఎవరో కన్సల్టెన్సీవాళ్లు 'సీఎంఈ ప్యాకేజీ' పేరుతో రెండు లక్షలు అడుగుతున్నారట. ఇంకా కట్టలేదు కదా అని నేను అడిగేలోపే, ఆ అబ్బాయి వాళ్లమ్మకి ఫోన్ ఇచ్చేసింది.