సవరణ: స్క్రాప్‌బుక్ కాగితానికి ఏ4 ట్రిమ్మర్ గురించి

పేపర్ ట్రిమ్మర్ (కాగితాన్ని తిన్నగా కోసే పరికరం) ఎంచుకోవడం గురించి మొన్న రాసిన పోస్టులో, ‘ఏ4 ట్రిమ్మర్ ఏది కొన్నా స్క్రాప్‌బుక్ కాగితం కూడా కోసుకోవచ్చు’ అన్నాను. అది తప్పు. కొలవకుండా రాశాను.

స్క్రాప్‌బుక్ (ఫొటోలు అతికించి అలంకరించుకునే ఆల్బమ్) కాగితం సాధారణంగా 12 అంగుళాల చదరం, అంటే 30.48 సెంటీమీటర్లు. ఏ4 పొడవు 29.7 మాత్రమే. బ్లేడు 30 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయే ట్రిమ్మరైతే చివర దాదాపు అర సెంటీమీటరు తెగకుండా మిగులుతుంది. కాగితం తిప్పి రెండోసారి కోస్తే అక్కడ చిన్న మెట్టులా వస్తుంది. ఖరీదైన డిజైన్ కాగితం మీద అది చూస్తే నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది! కాబట్టి పెట్టె మీద ఏ4 అని ఉందా లేదా అని కాదు, కోత పొడవు ఎంతో చూడండి. 30.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. తయారీదారులు ఇచ్చే కొలతలు మళ్లీ చదివి, స్కేలు పెట్టి చూసుకున్నాకే ఇది రాస్తున్నాను.

కార్డులు మాత్రమే చేసేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. ఏ4ను సగం చేసేటప్పుడు కోత 21 సెంటీమీటర్లే.

అదే పోస్టులో ‘ఒకేసారి పది షీట్లు’ అన్న మాటను కార్డ్‌స్టాక్‌కూ (అట్టలాంటి మందపు కాగితానికీ) వర్తించుకున్నారు కొందరు. ఆ లెక్క సాధారణంగా 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) ప్రింటింగ్ కాగితానిది. మందపాటి కార్డ్‌స్టాక్‌ను ఒక్కొక్కటిగానే కోయండి, అంచు శుభ్రంగా వస్తుంది. పాత పోస్టులో రెండు చోట్లా మార్చాను.