గడ్డకట్టిన బెర్రీకి దగ్గరి చుట్టం చింతపండు

మా అమ్మ ఆ కేకు ముక్కని ట్యూబ్‌లైటు కిందకి పట్టుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమే, పాచి పట్టిందా ఇది?" అంది. అది పాచి కాదు, బ్లూబెర్రీ. నీలంగా కనపడాల్సిన చోట నాచు రంగు మచ్చలు, మధ్యలో ఉడకని పిండి, అడుగున చెమ్మ. విజయవాడ మొగల్రాజపురంలో మా ఇంటికి ఓటీజీ ఓవెన్ వచ్చిన కొత్తలో చేసిన కేకు అది. చాలా శ్రద్ధగా చేస్తున్నాననే అనుకున్నాను. ఫ్రీజర్‌లోంచి తీసిన పళ్ళని రాత్రంతా బయట పెట్టి కరిగించాను. కారిన రసాన్ని నీళ్ళనుకుని సింకులో పారబోశాను. మెత్తబడ్డ పళ్ళని పిండిలో వేసి గిరగిరా కలిపాను. మూడూ తప్పులే.

మూడింటికీ మూలం ఒక్కటే. దాన్ని నేను పండులా చూశాను. పండంటే కడుక్కుని, కోసుకుని, నోట్లో వేసుకునేది కదా. గడ్డకట్టిన బెర్రీ ఆ జాతి కాదు. మన వంటింట్లో దానికి చుట్టరికం కలపాలంటే చింతపండుతో కలపాలి. చింతపండు ముద్ద ఏ ఆకారంలో ఉందని ఎవరం చూడం. ఎంత రసం దిగుతుంది, ఎంత పులుపు, ఏం రంగు, అంతవరకే చూస్తాం. ఫ్రోజెన్ బెర్రీనీ అదే కళ్ళతో చూస్తే తంటాల్లో సగం అక్కడే తీరిపోతాయి.

ఒకప్పుడు బెజవాడలో ఫ్రోజెన్ అంటే పచ్చి బఠాణీలే. ఇప్పుడు పెద్ద సూపర్ మార్కెట్ల ఫ్రీజర్లలో బఠాణీ, స్వీట్‌కార్న్, పరోటాల పక్కన స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ, నాలుగు రకాలు కలిపిన పాకెట్లూ కనిపిస్తున్నాయి. 2023 సెప్టెంబరులో, జీ20 సదస్సు రోజుల్లోనే, అమెరికాతో కుదిరిన అంగీకారంలో మన ప్రభుత్వం తాజా, ఫ్రోజెన్, ఎండు బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీల మీద దిగుమతి సుంకం తగ్గించడానికి ఒప్పుకుంది. అయినా ధర చూస్తే చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. అంత పెట్టి కొన్నదాన్ని రెండుసార్లు స్మూతీ చేసి, మిగతాది ఫ్రీజర్ మూలన రాయిలా మిగిల్చే ఇళ్ళు నాకు చాలా తెలుసు. మాదీ అలాంటిదే.

ఇంతకీ అది కరిగితే ఎందుకు ముద్దవుతుంది? పండులో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు గడ్డకట్టేటప్పుడు సూదుల్లాంటి మంచు పలుకులు ఏర్పడి కణాల గోడలని చీలుస్తాయి. నిదానంగా గడ్డకడితే పలుకులు పెద్దవి, చీలికా పెద్దదే. వేగంగా కడితే పలుకులు సన్నం, నష్టం తక్కువ. ఈ సంగతిని వ్యాపారంగా మార్చినవాడు క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్. ఇప్పటి కెనడా ఈశాన్య తీరాన లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, అక్కడి ఇన్యూట్ జనం పట్టిన చేప ఆ చలిగాలికి అప్పటికప్పుడే గడ్డకట్టడం, నెలల తర్వాత వండినా రుచి చెడకపోవడం చూశాడు. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో అతని సరుకు మొదటిసారి అమ్మకానికి పెట్టారు. మాంసం, చేప, పాలకూరతో పాటు బెర్రీలూ అందులో ఉన్నాయి. చలి ఉన్నవాళ్ళు చలితో దాచుకున్నారు. ఎండ ఉన్న మనం తాండ్ర, ఒరుగులు, వడియాలు పెట్టుకున్నాం. ఎంత వేగంగా గడ్డకట్టినా కరిగాక బెర్రీ నిలబడదు, రసం వదిలేస్తుంది. నేను సింకులో పోసింది ఆ రసాన్నే. చింతపండు నానబెట్టి, రసం పారబోసి, పిప్పితో చారు కాచినట్టన్నమాట.

"ఫ్రెష్‌వి దొరుకుతుంటే ఫ్రోజెన్ ఎందుకు?" అని అడిగేవాళ్ళకి ఒక మాట. చలికాలంలో బెంజి సర్కిల్ దగ్గర ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్మే స్ట్రాబెర్రీ చాలావరకు మహాబలేశ్వర్ వైపు నుంచి వచ్చేదే. పైవరస ఎర్రగా నిగనిగలాడుతుంది, ఇంటికొచ్చి మూత తీస్తే కింది వరస భుజాలు తెల్లగా ఉంటాయి. స్ట్రాబెర్రీ మామిడిలా మాగదు. కోసినప్పుడు ఎంత పండిందో అంతే, గడ్డిలో పెట్టినా అంతే. దూరం పంపాలి కాబట్టి ముందే కోస్తారు. ఫ్రీజర్‌కి వెళ్ళేదాన్ని పూర్తిగా పండనిచ్చి కోసే వీలుంటుంది. లంబసింగిలో పండినవి పొద్దున్నే తోట దగ్గర తినగలిగితే అది వేరే సుఖం, దానికి ఫ్రోజెన్ సాటి రాదు. కానీ వండడానికైతే నా ఓటు ఫ్రోజెన్‌కే.

కొనేటప్పుడు నేను చూసేది ఒక్కటే. పాకెట్‌ని చేత్తో కదిపితే లోపల గోలీల్లా గలగలమనాలి. ఇటుకలా ఒకే ముద్దయి ఉంటే దారిలో ఎక్కడో ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాల్సిన సరుకది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో స్కూటర్ డిక్కీలో పోరంకి దాకా వెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నేను నాలుగు పొరల న్యూస్‌పేపర్లో చుట్టి తెస్తాను. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తీయకపోవడమే మేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అక్కడ ఫ్రిజ్‌లే నీళ్ళలో తేలాయి, ఇక లోపలి సరుకు సంగతి ఎవరు అడుగుతారు. అలాంటి వరదలు లేని మామూలు రోజుల్లో, పళ్ళు సగం కరిగినా ఇంకా చల్లగానే ఉంటే మళ్ళీ గడ్డకట్టించకండి. వెంటనే పొయ్యి మీద పెట్టేయండి.

పొయ్యి మీద పెట్టడమే దీనికి అసలైన దారి. మందపాటి గిన్నెలో 300 గ్రాముల బెర్రీలు గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే వేసి, నాలుగు పెద్ద చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు వేసి సన్నటి సెగ మీద పెట్టండి. నీళ్ళు ఒక్క చుక్క వద్దు. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగదు, మాడిపోతుందేమోనని చెయ్యి నీళ్ళ చెంబు వైపు పోతుంది. ఆగండి. మూడో నిమిషంలో అడుగున ఎర్రటి చెమ్మ కనపడుతుంది, ఐదో నిమిషానికి పళ్ళన్నీ వాటి రసంలోనే ఈదుతుంటాయి. అప్పుడు సెగ పెంచి, నురగ తగ్గి పాకం చిక్కబడేదాకా ఉడికించాలి. మొత్తం పది పన్నెండు నిమిషాలు. పళ్ళెంలో ఒక చుక్క వేసి వేలితో గీత గీస్తే, ఆ గీత కలవకుండా నిలిస్తే దింపేయొచ్చు. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి తీగపాకం దాకా వెళ్ళకండి, నమలాల్సి వస్తుంది. దింపాక అర చెక్క నిమ్మరసం పిండితే రంగు ఒక్కసారిగా వెలుగుతుంది. దీన్ని కాంపోట్ అంటారు. మా ఇంట్లో దాని పేరు "ఎర్రపాకం". ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. గడ్డ పెరుగు మీద, రాగి అట్టు మీద, రవ్వకేసరిలో చివర్న రెండు గరిటెలు. రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ ఉంటే మాత్రం వేడి మీదే జల్లెడ పట్టండి, వాటి గింజలు పళ్ళ సందుల్లో ఇరుక్కుంటే భోజనమయ్యేదాకా నాలుక అక్కడే ఉంటుంది.

ఇదే పాకాన్ని పంచదార లేకుండా మొదలుపెడితే పచ్చడవుతుంది. పావు కిలో స్ట్రాబెర్రీలని చెంచా నూనెలో ఉప్పు వేసి నీరు ఇగిరేదాకా మగ్గించాలి. ఆరు ఎండుమిరపకాయలు, అర చెంచా ఆవాలు, పావు చెంచా మెంతులు వేయించి పొడి కొట్టి కలపాలి. చిన్న బెల్లం ముక్క, ఇంగువ, వెల్లుల్లితో తాలింపు. గుంటూరు కారం, స్ట్రాబెర్రీ పులుపు ఒకే ముద్దలో కలవడం వింతగా అనిపిస్తుంది కానీ, వృక్షశాస్త్రాన్ని అడిగితే వింత మరోచోట ఉంది. దాని లెక్కలో స్ట్రాబెర్రీ బెర్రీయే కాదు. మిరపకాయ బెర్రీ, వంకాయ బెర్రీ, టమాటా బెర్రీ. అంటే మన మిర్చియార్డుకి బస్తాలకి బస్తాలు వచ్చేవన్నీ ఎండబెట్టిన బెర్రీలే.

ఇక నాచు రంగు కేకు కథ. బ్లూబెర్రీ తోలులో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. పులుపు తగిలితే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే నీలం దాటి ఆకుపచ్చ వైపు పోతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుందే, అలాంటి కథే. నేను పాలతో కలిపిన పిండిలో చెంచాడు తినేసోడా గుమ్మరించాను. సోడాని అణచడానికి అందులో పులుపు లేదు, బెర్రీ రసమంతా పిండిలోకి కారిపోయి ఉంది, ఇంకేముంది.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. కప్పున్నర మైదా, ముప్పావు కప్పు పంచదార, అర కప్పు నూనె, కప్పు పుల్లటి గట్టి పెరుగు, చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా సోడా. గుడ్డు లేకుండానే పొంగుతుంది. పిండి దోసెపిండిలా జారితే పళ్ళు అడుక్కి దిగిపోతాయి, గారెలపిండి వైపు ఉండాలి. బెర్రీలని ఓవెన్ వేడెక్కేదాకా ఫ్రీజర్‌లోంచి తీయకూడదు. తీసిన వెంటనే కప్పు పళ్ళకి చెంచా పొడి మైదా పట్టించి, పిండిలో గరిటెతో నాలుగే నాలుగుసార్లు మడతపెట్టి ఆపేయాలి. ఐదోసారికి ఊదా చారలు మొదలవుతాయి. నాలుగు పళ్ళు మిగిల్చుకుని పైన అద్దితే చూడ్డానికి బాగుంటుంది. 180 డిగ్రీల్లో మామూలు కేకు కంటే ఎనిమిది పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, మంచుముక్కలు కడుపులో పెట్టుకున్న పిండి కదా. కుక్కర్‌లో ఉప్పు పోసి చేసేవాళ్ళు పళ్ళు సగానికి తగ్గించుకుంటే మంచిది, అందులో తేమ బయటికి పోయే దారి తక్కువ.

ఓటీజీ లేదు, అంత ఓపికా లేదంటే గుంత పునుగుల పెనం ఉండనే ఉంది. గోధుమపిండి, మెత్తగా పిసికిన అరటిపండు, బెల్లం, చిటికెడు సోడా. గుంటలో సగం దాకా పిండి, మధ్యలో ఒక్క బ్లూబెర్రీ, మళ్ళీ పైన పిండి, మూత. తిప్పాక కొరికితే మధ్యలో వేడి రసం చివ్వున వస్తుంది. పిల్లలకి ఇచ్చేముందు రెండు నిమిషాలు చల్లార్చాలి.

నేను ఒప్పుకోనిది ఒక్క స్మూతీనే, అదీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని పాకెట్‌తో చేసేది. గడ్డకట్టించడం వైరస్‌లని చంపదు. 2012లో తూర్పు జర్మనీలో బడి భోజనాల్లో వాడిన ఫ్రోజెన్ స్ట్రాబెర్రీల వల్ల నోరోవైరస్ సోకి సుమారు 11,000 మంది, ఎక్కువగా పిల్లలు, జబ్బుపడ్డారు. మరుసటి ఏడాది హెపటైటిస్ ఎ అనే కాలేయ జబ్బు కేసులు వచ్చినప్పుడు ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ, దిగుమతైన ఫ్రోజెన్ బెర్రీలని కనీసం ఒక నిమిషం మరిగించి తినమంది. ఒక్క నిమిషం. చారులో చింతపండు రసాన్ని మరిగిస్తాంగా, దీన్నీ ఆ నిమిషం మరగనిస్తే పోయేదేముంది? చల్లార్చి మిక్సీలో వేసుకుంటే అదీ స్మూతీయే.

చింతపండు పోలిక నా సొంత తెలివేం కాదు. డల్లాస్‌లో ఉన్న మా అక్క కూతురు దగ్గర నేర్చుకున్నాను. అక్కడ మన పిల్లలు క్రాన్‌బెర్రీతో పప్పు చేస్తారు. వాక్కాయ దొరకని చోట వాక్కాయ పప్పు. "పిన్నీ, పళ్ళు పప్పులో కలిపి కుక్కర్ పెట్టకు, పులుపుకి పప్పు ఉడకదు" అని వీడియో కాల్‌లో నాకే పాఠం చెప్పింది. మామిడికాయ పప్పుకి వాళ్ళమ్మమ్మ చెప్పే పాఠమే అది, అట్లాంటిక్ దాటి వెనక్కి వచ్చింది. పళ్ళని విడిగా పచ్చిమిర్చితో ఉడికిస్తే టప్ టప్ మని పగులుతాయి, అప్పుడు పప్పులో కలిపి తాలింపు పెట్టాలి. ఇక్కడ ఫ్రోజెన్ క్రాన్‌బెర్రీ అరుదు. డ్రైఫ్రూట్ దుకాణాల్లో ఉండేది చక్కెర పట్టించిన ఎండుది, పప్పులో వేస్తే పాయసంలా తగలడుతుంది.

అయితే ఇంత దూరం ఆలోచించాక నాకు అడ్డొచ్చిన ప్రశ్న వేరే. రంగు, పులుపు, వగరు, అదే ఆంథోసయనిన్ అన్నీ ఉన్న నేరేడు జూన్, జూలైల్లో మన వీధిలోకే బండి మీద వస్తుంటే, పరాయి పండుకి మాత్రమే ఫ్రీజర్ అరవై రోజులూ తొంభై రోజులూ అద్దెకివ్వడం ఎందుకు? నిరుడు రెండు కిలోలు కొన్నాను. కడిగి, తడి లేకుండా తుడిచి, గింజ చుట్టూ చాకుతో చెంపలు కోసి, స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టాను. పొద్దున జిప్ కవర్లోకి ఎత్తితే గలగలమన్నాయి. ఇంటి ఫ్రీజర్ నిదానం కాబట్టి కరిగితే ఇంకాస్త ఎక్కువ ముద్దవుతాయి, ఎర్రపాకానికి అదే కావాలి. వగరు విరగడానికి ఉప్పు చిటికెడు ఎక్కువ, నిమ్మరసం తక్కువ.

సంక్రాంతికి ఆ పాకం రెండు గరిటెలు రవ్వకేసరిలో కలిపాను. ముదురు ఊదా రంగు కేసరి. అమ్మ ఈసారి ట్యూబ్‌లైటు కిందకి తీసుకెళ్ళలేదు. గిన్నె ఖాళీ చేసి, ఎవరూ చూడట్లేదనుకుని, హాల్లో అద్దం ముందు నిలబడి నాలుక బయటపెట్టి చూసుకుంది.