లైన్ ఆపే ధైర్యం ఏ సర్టిఫికెట్ ఇస్తుంది?

ఆడిట్ దగ్గర పడిందంటే చాలా ఫ్యాక్టరీల్లో ఖాళీ చెక్‌షీట్లు రాత్రికి రాత్రే నిండిపోతాయి. నెల రోజుల లెక్కలు, ఒకే పెన్ను, ఒకే దస్తూరీ! ఇది చూసినవాళ్లు వాహనాల, వాటి విడిభాగాల తయారీలో నాణ్యతకు పెట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఏటీఎఫ్ 16949 అంటే వట్టి కాగితాల పని అని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. తప్పు ఆ ప్రమాణానిది కాదు.

2016లో వచ్చిన ఈ ప్రమాణం ఒక మాట స్పష్టంగా చెబుతుంది. నాణ్యతకు బాధ్యులైనవాళ్లకు, లోపం కనిపిస్తే ఉత్పత్తినీ, సరుకు పంపడాన్నీ ఆపే అధికారం ఉండాలి. అలాంటివాళ్లు ప్రతి షిఫ్టులోనూ ఉండాలి. ఇంతకన్నా ఏం రాస్తారు? ఆపినవాణ్ణి మర్నాడు మేనేజర్ ఎలా చూస్తాడన్నది మాత్రం ఏ ప్రమాణమూ రాయలేదు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ (జీఎం) కార్ల ప్లాంటు గొడవలకూ గైర్హాజరుకూ పేరుమోసి 1982లో మూతపడింది. 1984లో టయోటాతో కలిసి ‘నుమ్మి’ పేరుతో మళ్లీ తెరిచారు. పనిచేసింది చాలావరకు ఆ పాత కార్మికులే, యూనియనూ అదే. మారింది పని పద్ధతి. ఇబ్బంది వస్తే ఎవరైనా లైన్ వెంట కట్టిన తాడు లాగి సాయం పిలవొచ్చు. టీమ్ లీడర్ పరుగున వచ్చి ‘ఏమైంది?’ అని అడుగుతాడు, ‘ఎవరు చేశారు?’ అని కాదు. అప్పటికీ సర్దుకోకపోతే లైన్ ఆగుతుంది. కొద్దికాలంలోనే అక్కడి కార్లు నాణ్యతలో జపాన్ ప్లాంట్ల దరిదాపుల్లోకి వచ్చాయి. ఇంత కళ్లెదుట జరిగినా, జీఎం తన మిగతా ప్లాంట్లలో దాన్ని తేలిగ్గా తేలేకపోయింది. తాళ్లు కట్టడం ఎంతసేపు!

టయోటా పేరుంటే చాలనుకోవడానికీ లేదు. టయోటాకే చెందిన కార్ల కంపెనీ డైహట్సులో భద్రతా పరీక్షల్లో 174 అక్రమాలు జరిగాయని 2023 డిసెంబరులో స్వతంత్ర కమిటీ తేల్చింది. కొన్ని 1989 నాటివి. గడువుల ఒత్తిడి తట్టుకోలేక సిబ్బంది అడ్డదారి తొక్కారనీ, పని ఎలా జరుగుతోందని అడిగే పై అధికారులు లేకపోయారనీ చెప్పింది. ‘ఈ తేదీకి కాదు సార్’ అనే వీలే లేని చోట ఇంకేం జరుగుతుంది?

మనలో సప్లయర్ క్వాలిటీలో, ప్లాంట్ మేనేజ్‌మెంట్‌లో ఉన్నవాళ్లు చాలామందే. మీ నెలవారీ రివ్యూలో స్క్రాప్ (పనికిరాక పక్కన పడేసిన సరుకు) శాతంతో పాటు పోయిన నెల లైన్ ఎన్నిసార్లు, ఎవరు ఆపారో కూడా అడగండి. సున్నా అని జవాబొస్తే సంబరపడకుండా, సూపర్‌వైజర్ బోనస్ దేన్నిబట్టి ఇస్తున్నారో చూడండి. బండ్ల లెక్కనిబట్టే అయితే, తాడు లాగేవాణ్ణి అతనే ఆపుతాడు.