సర్టిఫికెట్ వచ్చింది, తాళంచెవి రావాలి

నిన్న రాత్రి పదకొండు నలభైకి నేను గ్రంథపాలకుణ్ణయ్యాను. లైబ్రరీ ఆన్‌లైన్ కోర్సు పరీక్షలో డెబ్బై శాతం దాటితే చాలన్నారు, డెబ్బై ఆరు వచ్చింది. సర్టిఫికెట్ కూడా దిగింది. అందులో నా ఇంటిపేరు తప్పు పడింది. తెలుగు మేష్టార్ని కాబట్టి అక్షరదోషం కనబడితే మామూలుగా వదలను. కానీ దిద్దించుకోవాలంటే కోర్సులో మళ్లీ మొదటినుంచి చేరాలట. ఇంటిపేరే మార్చుకుంటే పోలా అని ఆలోచిస్తున్నాను.

మా హైస్కూల్లో లైబ్రరీ ఇన్‌చార్జిని నేనే. తెలుగు చెప్పేవాడు ఎలాగూ కథల పుస్తకాలు చదువుతాడు కదా అని హెడ్మాస్టారు ఆ పని నాకు అంటగట్టారు. ఈ లెక్కన బయాలజీ మేడం చేత ఊళ్లో మందులషాపు పెట్టించాలి. లైబ్రరీ అనగానే మీరు గది అనుకునేరు. బీరువా అండీ. స్టాఫ్‌రూంలో మంచినీళ్ల బిందె పక్కన ఉంటుంది. దాని మీద పాత జవాబుపత్రాల కట్టలు, వాటి మీద గ్లోబు. గ్లోబుకి స్టాండు లేదు, గాలేస్తే దొర్లుతుంది.

ఆ బీరువా తాళంచెవి నా దగ్గర లేదు. పాత ఇన్‌చార్జి సారు బదిలీ మీద పక్క మండలానికి పోతూ వెంట తీసుకుపోయారు. ఆయనది దొంగబుద్ధి కాదు పాపం, భయం. స్టాకు రిజిస్టరులో 1,140 పుస్తకాలున్నాయి. బీరువాలో అన్ని లేవని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. లెక్క చూడకుండా సంతకం పెట్టి తాళం తీసుకోమని ఆయన, లెక్క చూపిస్తేనే తీసుకుంటానని నేను. జూన్ నుంచి ఫోన్లో చాలా మర్యాదగా ఇదే మాట్లాడుకుంటున్నాం.

ఇదిగో, ఈ స్థితిలో పైనుంచి లింకు వచ్చింది. పాఠశాల గ్రంథాలయాన్ని సజీవ అభ్యసన కేంద్రంగా తీర్చిదిద్దడం ఎలా? ఆరు మాడ్యూళ్లు. శుక్రవారంలోగా పూర్తిచేసి స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాలి. ఉపాధ్యాయులు ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మంచి మాటే, కాదనను. కాకపోతే అందులో లెక్కపెట్టడానికి వీలైనవి గంటలే కాబట్టి, అందరూ వాటినే పట్టుకున్నారు.

మూడో మాడ్యూల్ గురించి మీకు చెప్పి తీరాలి. మా బడిలో సిగ్నల్ నిలకడగా ఉండే చోటు ఒక్కటే, వంటషెడ్డు వెనక గోడ. వీడియో పద్నాలుగు నిమిషాలు. ముందుకు జరపడానికి వీల్లేదు, మధ్యలో ఫోనొస్తే మళ్లీ మొదటికి. గోడకి ఆనుకుని, ఎండ తగలకుండా తెలుగు వాచకం ఫోను మీద అడ్డం పెట్టుకుని చూస్తున్నాను. తెరమీద ఒక మేడం చక్కగా మాట్లాడుతున్నారు. వెనకాల పొట్టి పొట్టి అరలు, రంగురంగుల దిండ్లు, వాటిమీద బోర్లా పడుకుని చదువుకుంటున్న పిల్లలు. ఆ గదిలో ఏసీ ఉన్నట్టుంది, ఒక్కరికీ చెమట లేదు.

సరిగ్గా అప్పుడే ఏడో తరగతి పిల్ల ఒకతి వచ్చి నిలబడింది.

"సార్, బీరువా తీస్తారా? కథల పుస్తకం కావాలి."

నేను పెదవుల మీద వేలు పెట్టాను. "ఆగమ్మా. పిల్లలకి పుస్తకాలు ఎలా అలవాటు చెయ్యాలో చూస్తున్నా. డిస్టర్బ్ చెయ్యకు."

ఆ పిల్ల బుద్ధిగా పక్కన నిలబడి తనూ చూడటం మొదలుపెట్టింది. తెరమీద మేడం అంటున్నారు: పిల్లలు తమంతట తాము వచ్చి పుస్తకం అడిగే క్షణం ఎంతో విలువైనది, దాన్ని జారవిడుచుకోకండి. నేను ఆ వాక్యం డైరీలో రాసుకున్నాను. వంటామె వచ్చి, "సార్, గంజి వారుస్తా, కాస్త జరగండి" అంది. జరిగాను. సిగ్నల్ రెండు గీతలు తగ్గింది. పన్నెండో నిమిషంలో ఫోను మోగింది. మండలం ఆఫీసు నుంచి. "మాస్టారూ, మీ స్కూలు ఒక్కటే పెండింగ్ చూపిస్తోంది, ఎంతవరకు వచ్చింది?" అని. ఎంతవరకో వచ్చింది గానీ, మీరు ఫోన్ చేశారు కనక మళ్లీ మొదటికెళ్లింది అని చెప్పాను. "అలాగే, త్వరగా కానివ్వండి" అని పెట్టేశారు. గంట కొట్టారు. ఆ పిల్ల క్లాసుకి వెళ్లిపోయింది.

చివర పరీక్ష. జవాబులు అప్పటికే గ్రూపులో తిరుగుతున్నాయి, 1-ఆ, 2-ఈ, 3-అ అంటూ. ప్రశ్నల వరుస మనిషికోరకంగా మారుతుందని ఎవరూ చెప్పలేదు. మొదటిసారి యాభై రెండొచ్చింది. రెండోసారి సొంత బుర్రతో రాశాను. అందులో ఒక ప్రశ్న: ఒక బాలిక వచ్చి పుస్తకం అడిగింది, మీరు మొదట ఏం చేస్తారు? చిరునవ్వుతో పలకరిస్తాను, ఆమె అభిరుచి తెలుసుకుంటాను, స్థాయికి తగిన పుస్తకం సూచిస్తాను, పైవన్నీ. పక్క మండలానికి ఫోన్ చేస్తాను అన్నది లేదు. పైవన్నీ నొక్కాను. కరెక్టే.

రెండో మాడ్యూల్లో మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ గారి గురించి చెప్పారు. 1931లో ఆయన రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదే, పుస్తకాలున్నది వాడుకోవడానికి అని. ఆయనా పాఠాలు చెప్పుకునే మనిషే, లెక్కల లెక్చరరు. 1924లో మద్రాసు యూనివర్సిటీకి లైబ్రేరియన్‌గా వెళ్లారు. ఆ పని నేర్చుకు రమ్మని ఆయన్ని ఓడెక్కించి లండన్ పంపారు. నాకు లింకు పంపారు. గ్రంథాలయం పెరిగే జీవి అన్నది అయిదో సూత్రం. మా బీరువాలో ఏం పెరుగుతోందో తలుపు తీస్తే గానీ తెలీదు, చెదల వాసన మాత్రం వస్తోంది.

వీడియోలో మాట్లాడిన ఆ మేడం మీద నాకేం కోపం లేదు, ఆవిడ చెప్పిందంతా నిజమే. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి, అందులో వార్తాపత్రిక, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని సబ్జెక్టుల పుస్తకాలూ ఉండాలి అని రాశారు. వాటిని తీసి పిల్లల చేతికిచ్చే మనిషి ఒకడుండాలని రాయలేదు. ఒక్క మనిషి! పుస్తకాలకి గ్రాంటు ఇస్తారు, పఠనోత్సవాలు పెడతారు, బ్యానర్లు కొట్టిస్తారు. లైబ్రరీ సైన్సు డిగ్రీ చేసి, పోస్టులు పడతాయేమోనని ఎదురుచూసి, జిరాక్సు షాపుల్లో కూర్చున్న కుర్రాళ్లు నాకే ముగ్గురు తెలుసు. వాళ్లకి ఉద్యోగమివ్వరు. వాళ్లు ఏడాదిపాటు చదివింది నాకు ఆరు మాడ్యూళ్లుగా పట్టించి, లైబ్రేరియన్ ఉన్నాడని కాగితమ్మీద చూపిస్తారు. బీరువాలో పుస్తకం పోతే నన్ను అడుగుతారు. చెదలు తింటే ఎవ్వరూ అడగరు. ఇంక ఏ మేష్టారు తలుపు తీస్తాడండీ? ఆ సారు తాళం పట్టుకుపోయాడని ఇందాక వెటకారం చేశాను గానీ, నేనైనా అంతే చేద్దును. పిల్లవాడు చదివి చదివి చింపిన పుస్తకం ఈ దేశంలో నష్టం కింద రాస్తాం, చదవకుండా కుళ్లింది స్టాకు కింద రాస్తాం. సిగ్గుండాలి మాకు, మా పైవాళ్లకి.

1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గారు పుస్తకాలు పడవకెత్తి కృష్ణా డెల్టా కాలవ మీద ఊరూరా పంచారు. ఆయనకి స్క్రీన్‌షాట్ పెట్టే గ్రూపు లేకపోయింది, అదృష్టవంతుడు.

ఇవాళ పొద్దున సర్టిఫికెట్ గ్రూపులో పెట్టాను. పదకొండు చప్పట్లు, రెండు దండాలు. వెంటనే కొత్త లింకు: డిజిటల్ గ్రంథాలయాలు, నాలుగు మాడ్యూళ్లు, వచ్చే శుక్రవారం ఆఖరు. తాళం పగలగొట్టిద్దామా అని హెడ్మాస్టార్ని అడిగితే, బీరువా ప్రభుత్వ ఆస్తి కాబట్టి కమిటీ తీర్మానం కావాలన్నారు. కమిటీ మీటింగ్ దసరా సెలవుల తర్వాత.

మధ్యాహ్నం వంటషెడ్డు వెనక్కి వెళ్లేసరికి ఆ ఏడో తరగతి పిల్ల గోడ దగ్గర నిలబడి ఉంది. ఈసారి బీరువా మాట ఎత్తలేదు.

"ఇంకా ఎన్ని మాడ్యూళ్లున్నాయి సార్?" అంది.